కతోలిక దైవశాస్త్రంలో పై చదువు: గురువులూ (ఫాదర్లూ) మఠవాసులూ కాని వారికి బోధనావృత్తి దొరుకుతుందా?

కందుకూరు_అన్వేషి

తిరుపతిలో తత్వశాస్త్రం ఎం.ఏ. ముగించి ఈ మధ్యే ఇంటికి వచ్చాను. మాది కందుకూరు దగ్గర పల్లె. మా తాతగారు అక్కడి విచారణలో (పారిష్‌లో) చాలాకాలం ఉపదేశిగా, అంటే మతబోధకుడిగా పనిచేశారు. కతోలిక దైవశాస్త్రంలో లైసెన్షియేట్ (డాక్టరేట్‌కు ముందు పట్టా), వీలైతే డాక్టరేట్ చేసి, బోధనలోనూ పరిశోధనలోనూ స్థిరపడాలని నాకు బలమైన కోరిక ఉంది. కన్యాస్త్రీగా జీవించే పిలుపు నాకు లేదని బాగా ఆలోచించుకునే నిర్ణయానికి వచ్చాను. అయితే ఈ సంగతి ఎవరితో చెప్పినా "మఠంలో చేరతావా అమ్మా?" అని అడుగుతున్నారు, చేరనని చెబితే, మరి ఆ చదువు నీకెందుకన్నట్టు చూస్తున్నారు. ఇంట్లోవారు బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు. నాలాంటి వారికి ఈ చదువు నిజంగా అందుబాటులో ఉందా, ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి, చదివాక జీతం వచ్చే పని ఉంటుందా అన్నది తెలిసిన వారు విడమరచి చెప్పండి. నన్ను ఉత్సాహపరచడం కోసం కాకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పమని మనవి.

కావలి_వాసి

మీ ఇంట్లోవారి మాటను తీసిపారేయవద్దమ్మా. డీఎస్సీ ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియకపోయినా, ఉద్యోగం వస్తే నెలనెలా జీతం చేతికి వస్తుంది. మీరు చెబుతున్న చదువు పూర్తయ్యేసరికి ముప్పై దాటుతుంది. ఆ తర్వాత ఎవరు, ఏ హోదాలో, ఎంత జీతానికి తీసుకుంటారో ముందుగా తేలాలి. ఆడపిల్ల తండ్రిగా ఈ మాట అంటున్నాను, నిరుత్సాహపరచాలని కాదు.

ఒంగోలు_బాప్టిస్టు

మాది బాప్టిస్టు కుటుంబం. మా వైపు ఈ చదువుకు దారి స్పష్టంగా ఉంటుంది కాబట్టి ఆ సంగతి చెబుతాను. దైవశాస్త్రంలో బి.డి., ఎం.టిహెచ్., డి.టిహెచ్. పట్టాలను బెంగాల్‌లోని సెరాంపూర్ కళాశాల సెనేట్ ఇస్తుంది. ఆ కళాశాలకు డెన్మార్కు రాజు 1827లో అధికారపత్రం ఇచ్చాడు, 1918లో బెంగాల్ శాసనసభ చట్టం చేసింది. హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ దైవశాస్త్ర కళాశాల దానికి అనుబంధంగానే నడుస్తుంది. మా రామాయపట్నం సెమినరీ 1870ల నాటిది. మా సంఘాల్లో కుటుంబీకులే పాస్టర్లు, కుటుంబీకులే అధ్యాపకులు కాబట్టి, పెళ్ళయినవారు దైవశాస్త్రం బోధించడం ఎవరికీ వింతగా తోచదు. కతోలికుల పద్ధతి వేరని మాత్రం తెలుసు. ఆ వివరాలు మీవాళ్ళే చెప్పాలి.

పెన్నగట్టు_ఫాదర్

నేను మేత్రాసన గురువుని, అంటే ఒక బిషప్ గారి పరిధిలో పనిచేసే ఫాదర్‌ని. లైసెన్షియేట్ చేసి కొంతకాలం సెమినరీలో బోధించి, ఇప్పుడు విచారణలో ఉన్నాను. అన్వేషి గారు అడిగినదానికి కొంచెం వివరంగా జవాబు చెప్పాలి.

మొదటి సంగతి, ఈ చదువుకు మీరు ఎవరి దయాదాక్షిణ్యాల మీదా ఆధారపడనక్కరలేదు. 1983 నాటి శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం 229వ సూత్రం, సాధారణ విశ్వాసులకు శ్రీసభ విశ్వవిద్యాలయాల్లో పవిత్ర శాస్త్రాలు చదివి పట్టాలు పొందే హక్కు ఉందని స్పష్టంగా చెబుతుంది. తగిన అర్హత ఉంటే బోధించే అధికారం కూడా వారికి ఇవ్వవచ్చునని అదే సూత్రంలో ఉంది. మఠంలో చేరితేనే చదువు అన్నది మన పల్లెల్లో అలవాటుగా వచ్చిన అభిప్రాయమే తప్ప శ్రీసభ నియమం కాదు. దీన్ని మీ విచారణ కర్తలకు మర్యాదగా గుర్తు చేయండి.

ఇక చదువు మెట్ల సంగతి. శ్రీసభ పట్టాలు మూడు దశల్లో ఉంటాయి. మొదటిది బ్యాచిలరేట్, ఇందులో రెండేళ్ళ తత్వశాస్త్రం, మూడేళ్ళ దైవశాస్త్రం కలిసి ఐదేళ్ళు పడుతుంది. మీకు తత్వశాస్త్రంలో ఎం.ఏ. ఉంది కాబట్టి ఆ రెండేళ్ళలో కొంత భాగానికైనా మినహాయింపు అడగవచ్చు, అయితే అక్వినాసు, మధ్యయుగ తత్వం వంటివి మీ సిలబస్‌లో ఎంత ఉన్నాయో చూసే నిర్ణయిస్తారు. రెండోది లైసెన్షియేట్, రెండేళ్ళు. సిద్ధాంత దైవశాస్త్రం, నైతిక దైవశాస్త్రం, శ్రీసభ చరిత్ర, ఆరాధనశాస్త్రం లాంటి ఒక విభాగంలో ప్రత్యేక అధ్యయనం. మూడోది డాక్టరేట్. సిద్ధాంతగ్రంథాన్ని సమర్పించి వాదించి నెగ్గినంత మాత్రాన పట్టా చేతికి రాదు. అందులో కనీసం ముఖ్యభాగాన్ని అచ్చు వేయించాలి. ఈ పద్ధతికి 1979లో రెండవ జాన్ పాల్ పోపు ఇచ్చిన శాసనం చాలాకాలం ఆధారంగా ఉండేది. ఫ్రాన్సిస్ పోపు 2017 డిసెంబరు 8 తేదీతో దాని స్థానంలో కొత్తది ఇచ్చారు.

బోధించడానికి ఏది సరిపోతుందన్నది వేరే ప్రశ్న. సెమినరీలో బోధించడానికి లైసెన్షియేట్ చాలునని 253వ సూత్రం చెబుతుంది. పట్టాలు ఇచ్చే అధికారమున్న దైవశాస్త్ర విభాగంలో శాశ్వత అధ్యాపకులు కావాలంటే డాక్టరేట్ ఉండాలి, విశ్వాస ప్రకటన చేసి బోధనాధికారం పొందాలి, ఆపైన రోము నుంచి అభ్యంతరం లేదన్న పత్రం రావాలి. ఇవన్నీ గురువులకూ స్త్రీలకూ కుటుంబీకులకూ సమానంగా వర్తిస్తాయి.

మన దగ్గర హైదరాబాదు రామంతాపూర్‌లోని పునీత యోహాను ప్రాంతీయ సెమినరీ ప్రధానంగా గురువుల శిక్షణకు ఉద్దేశించింది. మీరు పూనాలోని జ్ఞానదీప, ఢిల్లీలోని విద్యాజ్యోతి, బెంగళూరులోని ధర్మారాం, ఈ మూడింటికీ ముందుగా రాయండి. జ్ఞానదీప శ్రీలంకలోని క్యాండీలో 1893లో పాపల్ సెమినరీగా మొదలై 1955లో పూనాకు మారింది. విద్యాజ్యోతి కుర్సియాంగ్ కొండల నుంచి 1972లో ఢిల్లీకి వచ్చింది. మూడుచోట్లా బోధన ఆంగ్లంలోనే కాబట్టి మీకు భాష ఇబ్బంది ఉండదు.

తలమంచి_యువకుడు

ఫాదర్ గారు చెప్పిన 229వ సూత్రం నాకు ఇంతవరకు తెలియదు. మా విచారణ యువజన సంఘంలో చదివి వినిపిస్తాను.

నెట్_అధ్యాపకుడు

ఫాదర్ గారు చదువు హక్కు గురించి చెప్పినదంతా సరైనదే. ఉద్యోగం దగ్గర మాత్రం ఒక గట్టి అడ్డంకి ఉంది, దాన్ని ముందే చెప్పడం మంచిది. పూనాలోనైనా రోములోనైనా శ్రీసభ పట్టాకు అధికారం వాటికన్ నుంచి వస్తుంది. మన డిగ్రీ కళాశాలల్లో అధ్యాపక ఉద్యోగానికి అడిగేది యూజీసీ గుర్తించిన పీజీ, ఆపైన నెట్ (జాతీయ అధ్యాపక అర్హత పరీక్ష) లేదా పీహెచ్‌డీ. నెట్ విషయాల జాబితాలో దైవశాస్త్రం లేదు. దానికి దగ్గరగా ఉన్నది మతాల తులనాత్మక అధ్యయనం అనే విషయం. ఆ శాఖలున్న విశ్వవిద్యాలయాలు దేశంలో కొద్దే. మద్రాసు విశ్వవిద్యాలయంలోనూ మైసూరు విశ్వవిద్యాలయంలోనూ క్రైస్తవ అధ్యయన శాఖలు ఉన్నాయి, అక్కడ పీహెచ్‌డీ చేయవచ్చు. నెల్లూరు వాళ్ళకు మద్రాసు రాత్రికి రాత్రి వెళ్ళి వచ్చే దూరం, ఆ సౌకర్యాన్ని వదులుకోవద్దు.

అన్వేషి గారి చేతిలో తత్వశాస్త్రం ఎం.ఏ. ఉంది కాబట్టి తత్వశాస్త్రంలో నెట్ రాయడం అన్నిటికంటే ముందు చేయవలసిన పని అని నా అభిప్రాయం. జేఆర్ఎఫ్ (పరిశోధన భృతి) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు. ఆ డబ్బుతో పీహెచ్‌డీ చేస్తూ అక్వినాసు మీదో అగస్టీను మీదో రాసుకోవచ్చు. తర్వాత దైవశాస్త్రం చదివినా చేతిలో ప్రభుత్వం గుర్తించే పట్టా ఒకటి ఉంటుంది.

కావలి_వాసి

నెట్ అధ్యాపకుడు గారు చెప్పినది నాకు నచ్చింది. ఇంట్లోవారికి ఇలా చెబితే అర్థమవుతుంది.

పొదిలి_నుంచి_లూవెన్

నాకు ఈ సలహాతో పూర్తి ఏకాభిప్రాయం లేదు. తత్వశాస్త్రం పీహెచ్‌డీకి ఐదారేళ్ళు, ఆ తర్వాత దైవశాస్త్రం మొదటి దశ నుంచి మొదలుపెడితే మరో ఆరేడేళ్ళు పడుతుంది. అంత కాలం ఆగగలిగేవారు అరుదు. అక్వినాసు తత్వాన్ని రాయడం, అక్వినాసు దైవశాస్త్రాన్ని రాయడం రెండూ ఒకటి కావు. రెండోదానికి వేదగ్రంథం (బైబిలు), పితృపాదుల (తొలి శతాబ్దాల క్రైస్తవ ఆచార్యుల) రచనలు, బిషప్పుల మహాసభల నిర్ణయాలు అన్నీ చదివి ఉండాలి. పునాది లేకుండా నలభై ఏళ్ళకు ఆ పని మొదలుపెట్టడం కష్టం.

లూవెన్‌లో 1425లో స్థాపించిన కతోలిక విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ దైవశాస్త్రం ఆంగ్లంలో కూడా బోధిస్తారు, విశ్వవిద్యాలయ పట్టాతో పాటు శ్రీసభ పట్టా కూడా అదే విభాగంలో పొందే వీలుంది. నేను అక్కడ చదువుకుంటున్నాను. నా తరగతిలో గురువులతో పాటు కుటుంబీకులు ఉన్నారు, చిన్నపిల్లల తల్లులు కూడా ఉన్నారు. రెండు రకాల పట్టాలూ ఒకేచోట లభిస్తే నెట్ అధ్యాపకుడు గారు చెప్పిన అడ్డంకి చాలావరకు తగ్గుతుంది. అయితే మన దేశంలో ఉద్యోగానికి ఆ పట్టాకు తుల్యతా పత్రం తీసుకోవలసి వస్తుందన్న సంగతి మరచిపోవద్దు. వాటికన్ కూడా 2003 నుంచి యూరప్ ఉన్నత విద్యా ఒప్పందంలో భాగస్వామి కాబట్టి, రోము పట్టాలను అక్కడి విశ్వవిద్యాలయాలు పోల్చుకుని గుర్తించడం ఇదివరకటి కంటే సులువైంది.

నెట్_అధ్యాపకుడు

కాలం విషయంలో మీరన్నది నిజమే, ఒప్పుకుంటాను. నేను అన్నది ముందు నెట్ రాసి ఉంచుకోమని. అర్హత వచ్చాక పీహెచ్‌డీలో చేరడం, చేరకపోవడం ఆమె ఇష్టం. అధ్యాపక అర్హతకు కాలపరిమితి లేదు కాబట్టి అది ఎప్పటికైనా పనికి వస్తుంది.

ఆత్మకూరు_సిస్టర్

నేను మఠవాసిని, రోములో వేదగ్రంథ అధ్యయనంలో లైసెన్షియేట్ చేసి వచ్చాను. రోములో సాధారణ విశ్వాసులుగా చదవాలనుకునే వారికి ఏమేమి ఎదురవుతాయో చెబుతాను.

అక్కడ పాపల్ విశ్వవిద్యాలయాలు చాలా ఉన్నాయి. గ్రెగోరియన్ 1551లో యేసు సభ (జెస్వీట్ల) స్థాపకులు ఇగ్నాసువారి రోమన్ కళాశాలగా మొదలైంది. ఉర్బానియానా 1627 నాటిది, వేదప్రచార దేశాల నుంచి వచ్చేవారి కోసం పెట్టారు. అంజెలికుం దొమినికన్ సభవారిది. వేదగ్రంథ సంస్థను 1909లో స్థాపించారు, 2024 నుంచి అది గ్రెగోరియన్‌లో భాగం. వేదగ్రంథం వైపు వెళ్ళాలంటే గ్రీకు, హెబ్రీ పరీక్షలు నెగ్గిన తర్వాతే అసలు పాఠాలు మొదలవుతాయి. రానివారికి ముందు భాషల కోసమే ప్రత్యేకంగా తరగతులు ఉంటాయి. హెబ్రీ క్రియారూపాలు కంఠస్థం చేయడం చిన్న పని కాదు. రోజూ తెల్లవారుజామున కాగితం ముక్కల మీద ఒక ధాతువు రాసి, దాని ఏడు రూపాలు పైకి చెబుతూ మెట్లు దిగేదాన్ని. సూళ్ళూరుపేట నుంచి వచ్చిన మరో సిస్టర్ నాకు అప్పజెప్పించుకునేవారు.

పరీక్షలు చాలావరకు మౌఖికంగా ఉంటాయి. అధ్యాపకులు ఒక్కొక్కరినీ పిలిచి, ముందే ఇచ్చిన అంశాల పట్టికలో ఒకదాన్ని ఎంచి, కొన్ని నిమిషాల్లో చెప్పమంటారు. మన దేశంలో పేజీలకు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నవారు అక్కడ మొదట తడబడతారు. ఇటాలియన్ రావలసిందే. పాఠాలు ఆంగ్లంలో దొరికే చోట్లు ఉన్నా, గ్రంథాలయంలోనూ తోటి విద్యార్థుల మధ్యా ఇటాలియన్ లేకుండా గడవదు.

ఇక ఉండే చోటు. గురువులకు కళాశాల గృహాలు, మాకు మఠాలు ఉంటాయి. మీకు అవి ఉండవు, ఫీజు కంటే గది అద్దె ఎక్కువవుతుంది. సాధారణ విశ్వాసులైన విద్యార్థుల కోసమే 1986లో మొదలైన లే సెంటర్ అనే గృహం రోములో ఉంది, అక్కడికి ముందుగానే రాయండి. మీ బిషప్ గారి పరిచయ లేఖ, ఖర్చు ఎవరు భరిస్తారో తెలిపే హామీ పత్రం లేకుండా ప్రవేశమూ వీసా రెండూ ముందుకు సాగవు.

నా సలహా అడిగితే, మొదటి దశ పూనాలోనో ఢిల్లీలోనో చేయండి, రోముకు లైసెన్షియేట్ కోసం వెళ్ళండి. మొదటి దశలో మీకు ఇక్కడి ప్రశ్నలు కావాలి, ఇక్కడి తోటివారు కావాలి.

గుండ్లకమ్మ

సిస్టర్ గారు చెప్పిన "ఇక్కడి ప్రశ్నలు" అన్న మాట దగ్గర ఆగి ఒక సంగతి చెప్పాలనుంది. ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో కతోలికులైనా బాప్టిస్టులైనా అత్యధికులం దళితవాడల వాళ్ళం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులమైనందుకు ఎస్సీ హోదా పోయి, రాష్ట్రంలో బీసీ-సీగా లెక్కలోకి వచ్చాం. ఎస్సీల కోసం పెట్టిన విదేశీ విద్యా ఉపకారవేతనాలు మనకు వర్తించవు. అన్వేషి గారు డబ్బు లెక్కలు వేసుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

చదువులోని విషయానికి వస్తే, 1981లో బెంగళూరులో అరవింద్ నిర్మల్ చేసిన, దళిత దైవశాస్త్రానికి నాంది అనదగిన ప్రసంగం తర్వాత ప్రొటెస్టెంట్ కళాశాలల్లో ఆ అధ్యయనం బలంగా పెరిగింది. కతోలికుల్లో అంత పెరగలేదు. కర్నూలు జిల్లాలో పుట్టిన పూల ఆంథోనీ గారు 2022లో కార్డినల్ అయ్యారు, ఆ హోదా పొందిన మొదటి దళితుడు. ఆ రోజు మా పల్లెలో గుడిగంటలు మోగించాం. ఆ గౌరవానికి తగ్గట్టు మన పల్లెల విశ్వాసాన్ని పండిత స్థాయిలో రాసేవారు కూడా రావాలి. తరతరాలుగా మన అమ్మమ్మలు జపమాల పట్టుకుని దేవునితో ఏం మాట్లాడారో బయటి నుంచి వచ్చి ఎవరూ రాయరు.

పొదిలి_నుంచి_లూవెన్

గుండ్లకమ్మ గారితో ఏకీభవిస్తాను. ఒక్కటి కలుపుతాను: ఆ రాత నిలవాలంటే విధానం కూడా గట్టిగా ఉండాలి. ఆవేదన ఒక్కటే సిద్ధాంతగ్రంథం కాజాలదని మా పర్యవేక్షకులు మొదటి సమావేశంలోనే చెప్పారు.

కందుకూరు_అన్వేషి

ఇంతమంది ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. నెట్ ఈ దఫా రాస్తాను. ఇప్పుడు నాకు మిగిలిన పెద్ద ప్రశ్న డబ్బు. ఇంటి దగ్గర మూడెకరాల పొగాకు చేను తప్ప వేరే ఆధారం లేదు. నాన్నగారిని దాన్ని తాకట్టు పెట్టమని అడగలేను.

షికాగో_సింగరాయకొండ

అడగవద్దు, తాకట్టు పెట్టి దైవశాస్త్రం చదవవద్దు. ఇది అందరికీ చెప్పే మాట. అమెరికాలో నోటర్‌డామ్, బోస్టన్ కాలేజ్, ఫోర్డ్‌హామ్ వంటి కతోలిక విశ్వవిద్యాలయాల్లో దైవశాస్త్రం పీహెచ్‌డీకి తీసుకున్న విద్యార్థులకు ఫీజు మాఫీతో పాటు భృతి ఇస్తారు. ప్రవేశం చాలా కష్టం, సీట్లు ఒక్కో విభాగంలో ఏటా కొన్నే ఉంటాయి. ముందుగా దైవశాస్త్రంలో మాస్టర్స్ స్థాయి చదువు, లాటిన్ గానీ గ్రీకు గానీ, జర్మన్ లేదా ఫ్రెంచి చదివి అర్థం చేసుకునే శక్తి ఉండాలని చూస్తారు. పీహెచ్‌డీకి డబ్బు ఇస్తారు గానీ మాస్టర్స్‌కు చాలాచోట్ల పాక్షికంగానే ఇస్తారు. ఆ తేడా తెలియక అప్పులపాలైన వారిని చూశాను.

ఉద్యోగం సంగతి కూడా నిజమే చెబుతాను. అమెరికాలో కూడా శాశ్వత అధ్యాపక స్థానాలు తగ్గిపోతున్నాయి, చిన్న కతోలిక కళాశాలలు కొన్ని మూతపడుతున్నాయి. పీహెచ్‌డీ అయ్యాక ఒక్కో కోర్సుకు ఇంత అని తీసుకుని బోధించేవారు చాలామంది. అక్కడికి వెళితే జీవితం బాగుపడుతుందన్న భరోసాతో మాత్రం బయలుదేరవద్దు.

ఉదయగిరి_పూర్వ_సెమినేరియన్

జీతం గురించి ఎవరూ ఇంకా నేరుగా మాట్లాడలేదు కాబట్టి నేను మాట్లాడతాను. సెమినరీ వదిలి వచ్చి, పెళ్ళి చేసుకుని, లైసెన్షియేట్ ఉన్న వ్యక్తిగా ఒక శ్రీసభ సంస్థలో బోధించాను; ఆ సంస్థ పేరు చెప్పను. నాతోపాటు అదే పాఠాలు చెప్పే గురువులకు వసతి, భోజనం, వైద్యం అన్నీ సంస్థే చూసేది. నాకు ఇచ్చేదాన్ని జీతం అనకుండా గౌరవవేతనం అనేవారు. ఇంటి అద్దె, పాప స్కూలు ఫీజు కట్టాక కూరగాయలకు కూడా మిగిలేది కాదు. ఈఎస్ఐ, పీఎఫ్ అడిగితే "ఇది సేవ కదా" అన్నారు.

సేవ అన్న మాటను నేను గౌరవిస్తాను. అయితే అదే శ్రీసభ చట్టం 231వ సూత్రం, శ్రీసభ కోసం ప్రత్యేకంగా పనిచేసే సాధారణ విశ్వాసులకు తమ స్థితికి తగిన గౌరవప్రదమైన వేతనం, సామాజిక భద్రత, ఆరోగ్య సదుపాయం పొందే హక్కు ఉందని చెబుతుంది. ఫాదర్ గారు 229 గుర్తు చేశారు, నేను 231 గుర్తు చేస్తున్నాను. చదివే హక్కు ఇచ్చి బతికే జీతం ఇవ్వకపోతే ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది.

పెన్నగట్టు_ఫాదర్

మీరు చెప్పినది బాధాకరం, అందులో అతిశయోక్తి ఏమీ లేదని నాకు తెలుసు. మన సెమినరీలు మేత్రాసనాల చందాలతోనూ విదేశీ సహాయంతోనూ నడుస్తాయి కాబట్టి కుటుంబీకులకు పూర్తి జీతం ఇచ్చే అలవాటు ఇంకా ఏర్పడలేదన్నది కారణం కావచ్చు; కానీ కారణం ఉన్నంత మాత్రాన అది న్యాయం కాదు. చేరేముందే జీతం, పీఎఫ్, సెలవులు రాతపూర్వకంగా తీసుకోమని అన్వేషి గారికి నా సలహా. రాసి ఇవ్వలేమంటే ఆ ఉద్యోగం వద్దనండి.

ఉదయగిరి_పూర్వ_సెమినేరియన్

ఒక గురువు ఈ మాట బహిరంగంగా రాయడం నాకు చాలా ఊరట. ధన్యవాదాలు ఫాదర్.

ఒంగోలు_బాప్టిస్టు

మా కళాశాలల్లో కూడా జీతాలు పెద్దవేమీ కావు, అయితే అధ్యాపకులకు క్యాంపస్‌లో ఇల్లు ఇస్తారు కాబట్టి నెట్టుకొస్తారు. కతోలిక సంస్థల్లోనూ ఇల్లు ఇచ్చే పద్ధతి పెట్టవచ్చు కదా?

ఆత్మకూరు_సిస్టర్

పెట్టవచ్చు. మా సభ నడిపే పాఠశాలల్లో కొందరు టీచర్లకు అలా ఇల్లు ఇస్తున్నాం కూడా.

ఈ చర్చలో స్త్రీల సంగతి కొంచెం పక్కకు పోయింది కాబట్టి ఒక మాట. 1970లో ఆవిలా తెరేసమ్మ గారినీ సియన్నా కత్తరీనమ్మ గారినీ ఆరవ పాల్ పోపు శ్రీసభ పండితులుగా ప్రకటించారు, అంతకుముందు ఆ గౌరవం పొందిన స్త్రీ లేదు. అంతర్జాతీయ దైవశాస్త్ర సంఘాన్ని 1969లో ఏర్పాటు చేశారు. అందులో స్త్రీలకు మొదటిసారి చోటు దక్కింది 2004లో. అంత ఆలస్యంగా తెరిచిన తలుపు అది. మీలాంటి వారు లోపలికి రావడం మానేస్తే ఎవరికీ మేలు జరగదు. మీరు ఇంకా వివాహం గురించి నిర్ణయించుకోకపోయినా, చేసుకుంటే చదువు ఆగాలని ఏ నియమమూ లేదు.

మైపాడు_రాతప్రతులు

దైవశాస్త్రం కాదు, చరిత్ర నా విషయం. పరిశోధనకు అంశం వెతుక్కునేటప్పుడు మన జిల్లాల్లో ఏముందో చూడమని చెప్పడానికి వచ్చాను.

మిల్‌హిల్ అనే మిషనరీ గురువుల సభను హెర్బర్ట్ వాన్ 1866లో లండన్ దగ్గర స్థాపించారు, ఆ గురువులు 1875లో మద్రాసు ప్రాంతానికి వచ్చి తెలుగు పల్లెల బాధ్యత తీసుకున్నారు. 1928లో నెల్లూరు మేత్రాసనం ఏర్పడింది. దానిలోంచే 1940లో గుంటూరు, 1976లో కడప మేత్రాసనాలు విడివడ్డాయి. అంటే దక్షిణ కోస్తాలోనూ రాయలసీమలో కొంత మేరకూ కతోలిక చరిత్ర రాయాలంటే నెల్లూరు కాగితాలే మొదట చూడాలి. ఒక పాత విచారణలో జ్ఞానస్నానాల పుస్తకం చూసే అవకాశం నాకు దొరికింది. తోలు అట్ట, చెదలు తిన్న మూలలు. ప్రతి పంక్తిలో తేదీ, బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి, చివర గురువు సంతకం, అన్నీ లాటిన్‌లో. ఒక కరువు సంవత్సరం దగ్గర ఒకే రోజున పేజీ నిండా పేర్లు, సిరా మధ్యలో పలచబడి మళ్ళీ ముదురు రంగులోకి మారింది. ఆ పేజీలో ఒకే ఉపదేశి చాలామంది పిల్లలకు జ్ఞానతండ్రిగా ఉన్నాడు. ఆ ఉపదేశి ఎవరు, ఏం బోధించాడు, జనం ఏం నమ్మి వచ్చారు అన్న ప్రశ్నలకు జవాబులు చరిత్రకారుడికి సగమే దొరుకుతాయి. మిగతా సగం దైవశాస్త్రం చదివినవారు చెప్పాలి.

ఇంకా వెనక్కి వెళితే 18వ శతాబ్దపు ఫ్రెంచి జెస్వీట్ల కర్ణాటక మిషన్ ఉంది. తెలుగునాట పనిచేసి తర్వాత పుదుచ్చేరిలో ఉన్న ఫ్రెంచి జెస్వీట్ గురువు కూర్దూ, సంస్కృతానికీ లాటిన్, గ్రీకు భాషలకూ బంధుత్వం ఉందని 1767లో పారిస్‌కు రాశారు. ఇదే బంధుత్వం గురించి విలియం జోన్స్ చేసిన పేరుపొందిన ప్రసంగానికి దాదాపు ఇరవై ఏళ్ళ ముందు సంగతి. 1773లో యేసు సభను రద్దు చేసినప్పుడు ఆ మిషన్ కాగితాలు చెల్లాచెదురయ్యాయి. కొంత రోములో యేసు సభ భాండాగారంలో, కొంత పారిస్‌లో ఉన్నాయి. లాటిన్, ఫ్రెంచి, తెలుగు మూడూ చదవగలిగి దైవశాస్త్రం తెలిసిన పరిశోధకులు వాటి మీద కూర్చోవలసి ఉంది.

గుండ్లకమ్మ

ఆ ఉపదేశి మీదే ఒక సిద్ధాంతగ్రంథం రాయవచ్చు. అన్వేషి గారి తాతగారు కూడా ఉపదేశే అన్నారు కదా.

తలమంచి_యువకుడు

ఇదంతా తెలుగులో రాస్తే మాలాంటి వాళ్ళు చదవగలుగుతాం. ఆంగ్లంలో రాసి రోములో దాచిపెడితే మాకు చేరదు.

పొదిలి_నుంచి_లూవెన్

సిద్ధాంతగ్రంథం తెలుగులో సమర్పించే వీలు ప్రస్తుతం నాకు తెలిసిన విభాగాల్లో లేదు. దాన్ని ఆంగ్లంలో రాసి, అదే విషయాన్ని తెలుగులో వేరే పుస్తకంగా రాయడం మాత్రం మన చేతిలో ఉంది. సికింద్రాబాదులోని అమృతవాణి లాంటి ప్రచురణ కేంద్రాలు ఉన్నాయి. నేను ఆ రెండో పని చేయాలని నిశ్చయించుకున్నాను.

కందుకూరు_అన్వేషి

నాన్నగారికి నిన్న రాత్రి ఇదంతా చదివి వినిపించాను. నెట్, ఆ తర్వాత పూనా అంటే ఒప్పుకున్నారు. రోము సంగతి అప్పుడు చూద్దామన్నారు. కావలి వాసి గారు రాసింది మళ్ళీ చదవమన్నారు. ఈలోపు ఇంటి దగ్గర లాటిన్ మొదలుపెట్టాలనుకుంటున్నాను, నేర్పేవారు ఎవరైనా ఉన్నారా?

కావలి_వాసి

మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.

పెన్నగట్టు_ఫాదర్

లాటిన్ నేను నేర్పుతాను. ప్రతి శనివారం సాయంత్రం పాపసంకీర్తనలు (విశ్వాసులు పాపాలు ఒప్పుకోవడం) అయ్యాక ఫోనులో ఒక గంట కూర్చుందాం. మొదట నామవాచకాల ఐదు గణాలు, వాటి విభక్తులు. తర్వాత సువార్తల లాటిన్ పాఠం నుంచి రోజుకు కొన్ని వాక్యాలు. మైపాడు గారు చూసిన పుస్తకం లాంటి నకలు ఒకటి దొరికితే, చేతిరాత చదవడం కూడా అందులోనే అలవాటవుతుంది.

పూనాకు రాసే దరఖాస్తుతో పాటు మీ జ్ఞానస్నాన పత్రం, విచారణ కర్త లేఖ, ఎం.ఏ. మార్కుల జాబితాలు, ఎం.ఏ. సిలబస్ పూర్తి ప్రతి జతచేయండి. సిలబస్ ప్రతి లేకపోతే తత్వశాస్త్రం మినహాయింపు గురించి వారు ఏమీ చెప్పలేరు, కాబట్టి తిరుపతి వెళ్ళినప్పుడు విభాగాధిపతి సంతకంతో రెండు ప్రతులు తెచ్చుకోండి.

మైపాడు_రాతప్రతులు

నకలు నేను పంపుతాను ఫాదర్, ఆ విచారణ కర్తల అనుమతి తీసుకుని, ఇప్పుడు జీవించి ఉన్నవారి పేర్లు రాకుండా పాత పేజీలు మాత్రమే. లాటిన్ తరగతిలో నన్ను కూడా చేర్చుకోండి.